మన ఊరి కబుర్లకూ ఒక చరిత్ర ఉంది

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. బడి చరిత్ర రాయడానికి నాకంటే అర్హులు చాలామంది ఉన్నారు. అందుకని ఆ చరిత్రకు ఆనుకునే ఉన్న ఇంకో చరిత్రను ఎంచుకున్నాను. అది కబుర్ల చరిత్ర. చదివిన నవల గురించి, చూసిన సినిమా గురించి, మధ్యమధ్యలో ఇంటి సంగతుల గురించి మనం మాట్లాడుకున్న మాటల చరిత్ర.

పెద్దలు దీన్ని పొద్దుపోని వ్యవహారం అనేవారు. నేను విద్యుత్ ఇంజనీరుని. మా లెక్కల్లో 'నష్టం' అని ఒక ఖాతా ఉంటుంది. అందులో పడిందంతా నష్టం కాదు. మీటరు లేని ఇంట్లో వెలిగిన దీపం కూడా ఆ ఖాతాలోనే పడుతుంది. మన తెనాలి కబుర్లు అలాంటివేనని నా అభిప్రాయం. మార్కుల జాబితాలో ఎక్కడా కనబడవు. కానీ ఈ ఊళ్ళో పాఠకులు, రచయితలు, సినిమావాళ్ళు ఇంతమంది ఎలా తయారయ్యారని వెతుక్కుంటూ వెళితే దారి అక్కడికే చేరుతుంది.

పడవలో వచ్చిన పుస్తకాలు

సినిమాకంటే ముందు మన ఊరికి నాటకం ఉంది. శ్రీరామ విలాస సభ నాటకాలు, అందులో స్థానం నరసింహారావు గారి స్త్రీ పాత్రలు, మాధవపెద్ది వెంకట్రామయ్య గారి పద్యాలు మా తాతల తరానికి ఏళ్ళతరబడి సరిపోయిన కబుర్లు. నాటకం రాత్రి ముగిసేది. దాని మీద మాట తెల్లారి అరుగుల మీద మొదలయ్యేది. స్థానం వారు చీర కట్టిన తీరు గురించి ఆడవాళ్ళు, పద్యం ఎత్తుకున్న శ్రుతి గురించి మగవాళ్ళు మాట్లాడుకునేవారట. మా తాతయ్య ఆ నాటకాల్లో కొన్నింటిని చూడనే లేదు. కానీ చూసినవాడికంటే బాగా చెప్పేవాడు. విని విని ఆయనకు అవి వచ్చేశాయి.

అయితే అరుగు అందరిదీ కాదు. ఎవరు కూర్చోవాలో, ఎవరు కింద నిలబడి వినాలో కులం నిర్ణయించిన రోజులవి. ఆ గీతను కొంతైనా చెరిపింది గ్రంథాలయోద్యమం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1918లో మనకు దగ్గర్లోని వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిశాయి. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘం ఏర్పడ్డాక అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటి వాళ్ళు ఊరూరా తిరిగి పఠన మందిరాలు పెట్టించారు. చదువు రానివాళ్ళకు ఒకరు పత్రిక పైకి చదివి వినిపించడం ఆ మందిరాల్లో రోజువారీ పని. చదవడం ఒకరిది, వినడం పదిమందిది, మాట్లాడడం అందరిది.

మన కాలువలకు కూడా ఇందులో వంతు ఉంది. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య పడవ గ్రంథాలయం నడిపించారు. ఆ రోజుల్లో కృష్ణా కాలువల మీద జనం పడవల్లోనే ప్రయాణించేవారు. పడవ మెల్లగా వెళుతుంది. గంటలకొద్దీ ఖాళీ. ఆ ఖాళీలో పుస్తకం పెట్టాలన్న ఆలోచన ఆయనకు వచ్చింది. పడవలో పుస్తకం చదివే మనిషి పక్కన చదవని మనిషి కూర్చుని ఉంటాడు. ఏముందని అడుగుతాడు. చదివేవాడు చెప్పక తప్పదు. రేవు రాకముందే కథ ఇద్దరిదీ అవుతుంది. కాలువ నీరు ఎన్ని ఎకరాలు తడిపిందో లెక్క ఉంది కానీ ఈ లెక్క ఏ రిజిస్టరులోనూ లేదు.

తర్వాత 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చాయి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనం ఈనాటికీ గ్రంథాలయ పన్ను కడుతున్నాం. రసీదు తీసి చూడండి, ఉంటుంది. ఏ లైబ్రరీ గడప తొక్కనివాడు కూడా కట్టే పన్ను అది.

హోటల్లో తయారైన రచయిత

ఐతానగరంలో పుట్టిన చక్రపాణి గారు యువకుడిగా ఉన్నప్పుడు క్షయ వ్యాధి చికిత్సకు మదనపల్లె వెళ్ళి, అక్కడే బెంగాలీ నేర్చుకున్నారు. శరత్ నవలలను తెలుగులోకి తెచ్చారు. 1953లో 'దేవదాసు' సినిమా వచ్చేనాటికి ఆ కథ తెలుగువాళ్ళకు కొత్త కాదు. పార్వతి తమ పక్కింటి అమ్మాయే అన్నంతగా అలవాటైపోయింది. బెంగాల్లో పుట్టిన నవల మన వాకిట్లో కబురుగా మారిన సందర్భం అది. 1947లో ఆయనా నాగిరెడ్డి గారూ కలిసి 'చందమామ' మొదలుపెట్టారు. 'పాతాళ భైరవి', 'మిస్సమ్మ', 'మాయాబజార్' తీసిన విజయా సంస్థ కూడా వాళ్ళిద్దరిదే. ఆ చందమామను 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారూ తెనాలివారే. ఆయన నవలలూ కథలూ రాస్తూనే సినిమాల మీదా విస్తారంగా వ్యాసాలు రాశారు. ఆ వ్యాసాలు చదువుతుంటే తెలివైన పెద్దమ్మాయి కొడుకో, బాబాయో మన పక్కన కూర్చుని నిన్న చూసిన సినిమాలో ఏది అతికిందో ఏది అతకలేదో చెబుతున్నట్టు ఉంటుంది. అంటే మన కబుర్లనే ఆయన విమర్శ స్థాయికి తీసుకెళ్ళారు.

వీరందరికంటే నన్ను ఎక్కువగా కదిలించిన మనిషి శారద. అసలు పేరు ఎస్. నటరాజన్. తమిళుడు. 1937లో చిన్న పిల్లవాడిగా తండ్రితో తెనాలి చేరాడు. బడి చదువు లేదు. హోటళ్ళలో సర్వరు పని. తెలుగు అతని ఇంటి భాష కాదు. బల్లల దగ్గర ప్లేట్లు పెడుతూ, తీస్తూ, చుట్టూ వినబడే తెలుగును పట్టుకున్నాడు. దొరికిన పుస్తకమల్లా చదివాడు. 'మంచీ చెడూ', 'ఏది సత్యం', 'అపస్వరాలు' అనే నవలలు, ఎన్నో కథలు రాశాడు. 1955లో, ముప్పై ఒకటో ముప్పై రెండో ఏళ్ళ వయసులో, పేదరికంలోనే పోయాడు. అతని స్నేహితుడు ఆలూరి భుజంగరావు గారు కూడా హోటల్ కార్మికుడే. పని ముగిశాక ఇద్దరూ సాహిత్యం గురించి మాట్లాడుకునేవారు. ఆ స్నేహం గురించి ఆయన 'సాహిత్య బాటసారి శారద' అని పుస్తకం రాశారు.

హోటల్లో కూర్చుని కబుర్లు చెప్పినవాళ్ళకు, పక్కన నిలబడి వింటున్న కుర్రాడు ఇవన్నీ ఒకనాడు నవలగా రాస్తాడని తెలియదు. టీ తాగి, మాట్లాడుకుని, వెళ్ళిపోయారు. ఊరి మాట ఊరికే పోలేదు. ఒక మనిషికి భాష ఇచ్చింది. మన బడి పుస్తకాల్లో శారద పాఠం నాకు తారసపడలేదు. ఈ తరం పిల్లలకైనా ఎవరైనా చెప్పాలి.

రీలు మారే లోపు

సినిమా దగ్గరికి వద్దాం. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. పక్కా హాళ్ళు పట్టణాల్లో ఉండేవి. పల్లెలకు టూరింగ్ టాకీసు డేరాలు వచ్చేవి. ఇక్కడ నా వృత్తి కాస్త పనికొస్తుంది. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 బొమ్మలు. సెకనుకు 24 బొమ్మలు నడవాలి. అంటే నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. మూడు గంటలు దాటే 'మాయాబజార్' పదహారు వేల అడుగులకు పైమాటే. పక్కా హాల్లో రెండు ప్రొజెక్టర్లు ఉంటాయి కాబట్టి ఒకటి ఆగగానే రెండోది అందుకుంటుంది. డేరాలో సాధారణంగా ఒక్కటే. రెండేసి రీళ్ళు కలిపి ఎక్కించినా, సినిమా పూర్తయ్యేలోపు ఏడెనిమిదిసార్లు ఆట ఆగాలి, లైట్లు వెలగాలి.

ఆ ఆగిన నిమిషాల్లోనే కబుర్లు పుట్టేవి. నేల మీద కూర్చున్నవాళ్ళు, బెంచీల వాళ్ళు, కుర్చీల వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేది అప్పుడే. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు తర్వాత ఏం చేస్తాడో చెప్పడానికి రెండోసారి చూస్తున్నవాడు సిద్ధంగా ఉండేవాడు. వాడి నోరు మూయించడానికి మొదటిసారి చూస్తున్నవాళ్ళూ సిద్ధంగా ఉండేవాళ్ళు. యంత్రం లోపం మనుషులకు తీరిక ఇచ్చింది.

మన చుట్టుపక్కల ఊళ్ళ నుంచే నటులు వెళ్ళడం ఆ కబుర్లకు ఇంకో రుచి. మోరంపూడి నుంచి జగ్గయ్య గారు, బుర్రిపాలెం నుంచి కృష్ణ గారు. తెరమీది మనిషి మావయ్యకు తెలిసినవాడైతే ఆ సినిమా గురించి మాట్లాడే హక్కు మనకు ఇంకాస్త ఎక్కువ. 1977 సంక్రాంతికి, జనవరి 14న, ఎన్టీఆర్ 'దానవీరశూరకర్ణ', కృష్ణ నటించిన 'కురుక్షేత్రం' ఒకేరోజు విడుదలయ్యాయి. నాకప్పుడు ఆరేడేళ్ళు. భారతయుద్ధం పద్దెనిమిది రోజుల్లో ముగిసింది కానీ మా వీధిలో వేసవి సెలవులదాకా నడిచింది. ఎవరి పక్షం వారిది. అయినా వాదించుకున్నవాళ్ళు మర్నాడు ఒకే బడ్డీ కొట్టు దగ్గర టీ తాగేవారు. కొండవీటి వెంకటకవి గారి మాటలు పొల్లుపోకుండా అప్పజెప్పిన కుర్రాళ్ళలో తెలుగు వాచకం సరిగ్గా చదవలేనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు సంధులు, సమాసాలు నోటికి పట్టుబడింది ఆ సినిమాతోనే.

సినిమాకు వెళ్ళలేనివాళ్ళకు రేడియో ఉంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. సంక్షిప్త శబ్దచిత్రం వస్తుంటే మా అమ్మ బియ్యం ఏరుతూ వినేది. బొమ్మ కనబడదు కాబట్టి ఎవరెక్కడ నిలబడ్డారో, ఏ రంగు చీర కట్టారో తనే చెప్పేది. తర్వాత ఆ సినిమా చూసి, తను ఊహించిన చీరే బాగుందని తీర్పు ఇచ్చేది.

వారం వారం

నవలకు నిజమైన ఊరేగింపు వారపత్రికలు. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు గారు బొంబాయిలో మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక మొదట వారపత్రికే. ఆంధ్రప్రభ వారపత్రిక 1952లో, ఆంధ్రజ్యోతి వారపత్రిక 1967లో వచ్చాయి. ధారావాహిక అంటే వారానికి నాలుగైదు పేజీలు. అదీ సరిగ్గా తలుపు చప్పుడైన చోట ఆగిపోతుంది. తలుపు తీస్తే ఎవరున్నారో తెలియడానికి ఏడు రోజులు.

మా గ్రిడ్‌లో ఎన్ని జనరేటర్లు ఉన్నా అన్నీ సెకనుకు 50 ఆవృత్తాల దగ్గర ఒకే అడుగు వేయాలి. లేకపోతే కలిసి పనిచేయలేవు. వారపత్రిక రాష్ట్రంలోని పాఠకులందరికీ అలాంటి అడుగు నేర్పింది. తెనాలిలో చదివేవాళ్ళు, వరంగల్లో చదివేవాళ్ళు, మద్రాసులో చదివేవాళ్ళు అందరూ అదే తలుపు ముందు అదే వారం నిలబడి ఉండేవారు. బస్సులో పక్క సీటువాళ్ళను అడిగినా తెలుస్తుంది. ఎవరూ ముందుకు వెళ్ళలేరు, ఎవరూ వెనకబడరు. అందుకే మాట్లాడుకోగలిగారు.

ఆ మాటల్లో ఎక్కువ పాలు ఆడవాళ్ళది. అరుగు వాళ్ళకు దక్కలేదు కానీ పెరటి గోడ దక్కింది. మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక ఆ గోడకు అటూ ఇటూ నిలబడి నడిపిన చర్చలు ఏ సాహిత్య సభకూ తీసిపోవు. రాసేదీ ఆడవాళ్ళే కావడంతో వాటికి బలం వచ్చింది. కోడూరి కౌసల్యాదేవి గారి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమా అయింది. యద్దనపూడి సులోచనారాణి గారి 'మీనా', 'జీవన తరంగాలు' 1973లో, 'సెక్రటరీ' 1976లో తెరకెక్కాయి. 'సెక్రటరీ' నవలలో జయంతికి ఉద్యోగం ఉంది, జీతం ఉంది, ఆత్మాభిమానం ఉంది. కథ కలల లోకంలోదే కావచ్చు. కానీ గోడ దగ్గర ఆ కథ ముగిశాక మాట ఎక్కడికి వెళ్ళేదో నేను విన్నాను. మా అక్కను ఇంటర్ తర్వాత డిగ్రీకి పంపాలా వద్దా అన్నది మా ఇంట్లో పెద్ద పేచీ. పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా మా అమ్మతో ఆ నవల గురించి మాట్లాడుతూ మాట్లాడుతూనే, పిల్లకు తన కాళ్ళ మీద తను నిలబడే దారి ఉండాలని తేల్చేసింది. మా నాన్నతో నేరుగా చెప్పే వీలు ఆవిడకు లేదు. నవల మీద పెట్టి చెప్పింది. అమ్మ అదే మాట రాత్రి నాన్న దగ్గర తన మాటగా చెప్పింది. అక్క డిగ్రీ చదివింది, ఉద్యోగం చేసి రిటైరైంది. కబుర్లు పనికిమాలినవి అనేవాళ్ళకు నా దగ్గర ఉన్న సమాధానం మా అక్క పెన్షను పుస్తకం.

మన కాలానికి వచ్చేసరికి యండమూరి వీరేంద్రనాథ్, మల్లాది వెంకటకృష్ణమూర్తి గార్ల నవలలు. ఆంధ్రభూమిలో 'తులసిదళం' వస్తున్న రోజుల్లో రాత్రిపూట దొడ్లోకి ఒంటరిగా వెళ్ళనివాళ్ళు మన తరగతిలో ఎంతమందో పేర్లు రాయను, అందరూ పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు. 'అభిలాష' 1983లో, 'ఛాలెంజ్' 1984లో, 'చంటబ్బాయ్', 'రెండు రెళ్ళు ఆరు' 1986లో సినిమాలయ్యాయి. నవలలో ఇలా లేదు అని చెప్పగలగడం అప్పట్లో ఒక హోదా. దానికోసమే అద్దె పుస్తకాల షాపుకు పరిగెత్తినవాళ్ళున్నారు.

అద్దె షాపుల్లో పుస్తకాలకు అట్ట మీద అట్ట వేసి, లావు దారంతో కుట్టేవారు. ఇళ్ళలో కూడా పత్రికల్లోంచి ధారావాహిక పేజీలు చింపి, వరసగా పేర్చి కుట్టించుకునేవాళ్ళు. వెనకపేజీలో సగం వంటల శీర్షిక, సగం వారఫలాలు వచ్చేవి. పేజీలు ఊడిపోవడం మామూలే. డిటెక్టివ్ నవలకు ఆఖరి పేజీలు లేకపోతే ఏం చేయాలి? అడగాలి. కొమ్మూరి సాంబశివరావు గారి నవల ఒకటి చివర చిరిగిపోయి దొరికితే, హంతకుడెవరో కనుక్కోవడానికి మేము ముగ్గురం రెండు వీధులు తిరిగాం. ఆఖరికి మా డ్రాయింగు మాస్టారు చెప్పారు. చెప్పే ముందు మేం ఎవరిని అనుమానిస్తున్నామో, ఎందుకో ఒక్కొక్కరినీ అడిగారు. వరస సరిగ్గా చెప్పినవాడిని మెచ్చుకున్నారు. కారణం చూపించి మాట్లాడాలన్నది నేను ఇంజనీరింగ్ కాలేజీలో నేర్చుకున్నది కాదు.

ఎవరి కాపీ వారిది

1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1980ల మధ్యకు వీడియోలు, 1987లో రామాయణం, 1995లో ఈటీవీ. ధారావాహిక కాగితం మీద నుంచి తెర మీదికి మారింది. మొదట్లో ఒక టీవీ ముందు వీధంతా కూర్చునేది కాబట్టి కబుర్లు ఆగలేదు. తర్వాత ఇంటికొక టీవీ, ఆ తర్వాత మనిషికొక ఫోను. ఇప్పుడు ప్రపంచంలోని సినిమాలన్నీ జేబులో ఉన్నాయి. నేను ఆరో భాగంలో ఉంటే మా అబ్బాయి రెండో భాగంలో ఉంటాడు, కోడలు మూడు చూసి మానేసింది. ముగ్గురం ఒకే ఇంట్లో ఉన్నా ఒకే తలుపు ముందు లేము.

ఈ కాలం చెడిపోయిందని నేను అనడం లేదు. ఒక పుస్తకం కోసం నెలరోజులు ఎదురుచూసిన పిల్లవాడి కష్టం ముచ్చటైనదేమీ కాదు. దొరకనివాళ్ళకు అసలు దొరకనే లేదు. కానీ ఒక సంగతి గమనించాలి. కొరత వల్ల మనం పంచుకోక తప్పలేదు. పంచుకోవడం వల్ల మాట్లాడుకోక తప్పలేదు. ఆ కబుర్లు ఎవరూ ప్రణాళిక వేసి పెట్టినవి కావు. పడవ నెమ్మదితనం, ప్రొజెక్టరు ఒక్కటే ఉండడం, వారం గడువు, ఊడిన పేజీలు వాటిని పెట్టాయి. ఇప్పుడు ఆ ఇబ్బందులు లేవు. కాబట్టి కబుర్లు వాటంతటవి రావు. మనం పూనుకుని పెట్టాలి.

ఆకలి మాత్రం తగ్గలేదు. మన బ్యాచ్ వాళ్ళ ఫోను గ్రూపులో రోజూ వచ్చే శుభోదయాలకు ఎవరూ పలకరు. మొన్న ఒక మిత్రురాలు డాలస్ నుంచి 'చంటబ్బాయ్' మళ్ళీ చూశానని ఒక్క ముక్క రాసింది. అర్ధరాత్రిదాకా మాటలే. అందులో సినిమా గురించి సగం. మిగతా సగం ఎవరి మోకాళ్ళ నొప్పులు, ఎవరి మనవరాలి మొదటి అడుగులు, పోయిన ఏడాది భార్యను పోగొట్టుకున్న మిత్రుడొకరు చాలా నెలల తర్వాత నోరు విప్పి రాసిన నాలుగు వాక్యాలు. అతను నేరుగా దుఃఖం గురించి రాయలేదు. ఆవిడతో కలిసి చూసిన మొదటి సినిమా అదేనని రాశాడు. పిన్నిగారు గోడ మీదుగా చేసిన పనే ఇది. చెప్పుకోలేనిదాన్ని కథ మీద పెట్టి చెప్పుకోవడం.

స్వర్ణోత్సవ నిధితో బడికి ఏం చేద్దామన్న చర్చ సంఘంలో నడుస్తోంది. కంప్యూటర్లు కావాలి, మరుగుదొడ్లు ఇంకా ముందు కావాలి. వాటికి నేనూ నా వంతు ఇస్తాను. దానితో పాటు ఒక చిన్న కోరిక. మన బడి లైబ్రరీ గదిని సాయంత్రం రెండు గంటలు తెరిచి ఉంచుదాం. వారానికి ఒక కథ, నెలకు ఒక సినిమా, పిల్లలందరికీ ఒకే సమయంలో. లైబ్రరీలో 'నిశ్శబ్దం' అని బోర్డు ఉండాల్సిందే, కాదనను. ఒక మూల బల్ల దగ్గర మాత్రం ఆ బోర్డు వద్దు. బల్లకు అటూ ఇటూ ఎదురెదురుగా బెంచీలు వేయిద్దాం. ఊళ్ళో ఉన్న మనవాళ్ళం వంతులవారీగా వెళ్ళి కూర్చుందాం. పాఠం చెప్పడానికి కాదు, తర్వాత ఏమైందని అడగడానికి.

ఖర్చు లెక్క వేశాను. రెండు ట్యూబులైట్లు, రెండు ఫ్యాన్లు. నెలకు పాతిక ముప్పై యూనిట్లు దాటదు. ఆ బిల్లు నా పేరున రాయండి.